పడుగు గంజి, పిల్లల పిండిముద్ద

వినాయక చవితి నాడు మన యిండ్లలో చదువుకొను కథలో, పార్వతీదేవి స్నానమునకు వెడలుచు నలుగుపిండితో ఒక బాలుని రూపమును చేసి, దానికి ప్రాణము పోసి, వాకిట కావలి నిలిపినదని యున్నది. ఏటేట వినుచున్న కథ యగుటచే దానిలోని విశేషము మన మనస్సునకు తట్టదు. మట్టితో మనుష్యుని చేసిన దేవతలు లోకములోని పురాణములయందు పెక్కండ్రు కలరు. ఒంటికి పూసికొనుటకు కలిపిన పిండిని చేతిలో నలిచి, బొమ్మను చేసి, ఆ బొమ్మను కన్నబిడ్డగా చూచుకొన్న తల్లి మాత్రము మన కథలో నున్నది. ఇది పిండి కలిపిన చేతులు గలవారు చెప్పుకొన్న కథ యని మా యభిప్రాయము.

నేడు శిశువిహారములలో పిల్లల చేతికి రంగురంగుల మెత్తని ముద్దలనిచ్చి బొమ్మలు చేయించుచున్నారు. దానిని ‘ప్లే డో’ అందురు. అంగళ్లలో మూతగల చిన్న డబ్బాలలో దొరకును. ఇంట చేసికొను విధానమును గూడ బడులవారు తల్లులకు తెలుపుచున్నారు. దీనిని చూచి మన పెద్దవారిలో కొందరు “పిండితో ఆటలేమి?” అని నొసలు చిట్లింతురు. చిన్నవారిలో కొందరు ఇది పరదేశముల నుండి వచ్చిన క్రొత్త విద్య యనుకొందురు. ఈ రెండు మాటలకును సమాధానము దాజీ పేట్ వీధులలోనే కలదు. పిండిని ఉడికించి, జిగురు తేల్చి, నూనెతో మెత్తబరచి, తినుటకు గాక పనికి వాడుట నేతగాండ్ర యిండ్లలో తరతరములుగా జరిగిన పని. ఆ పనిని గూర్చి నాలుగు మాటలు వ్రాయుట ఈ వ్యాసమున మా యుద్దేశము.

నల్లగొండ, వరంగల్లు, కరీంనగరము, పాలమూరు ప్రాంతముల నుండి పద్మశాలీ కుటుంబములు పందొమ్మిదవ శతాబ్దములో పెద్దసంఖ్యలో సోలాపురమునకు తరలివచ్చినవి. 1876–78 నాటి మహాక్షామము దక్కను నంతటిని పీడించినది. ఆ నడుమనే, 1877లో, ఈ నగరమున మొదటి నూలు మిల్లు నడక ప్రారంభించినది. నూలు దొరకు చోటునకు నేతగాడు చేరుట సహజము. ఊరి తూర్పుభాగమున దాజీ పేట్ మొదలగు పేటలలో మగ్గములు వెలసినవి. మార్కండేయ మందిరము, నారళీ పూర్ణిమ నాటి రథోత్సవము, దాజీ పేట్‌లోని వేంకటేశ్వరుని గుడి, వీనిని గూర్చి మన సంచికలలో వ్రాసినవారు గలరు. గంజికుండను గూర్చి వ్రాసినవారు అరుదు. మగ్గమునకు గౌరవము దక్కినది, గంజికుండ మాత్రము వంటయింటి సామానుగానే మిగిలిపోయినది.

చేతిమగ్గపు నేతలో ఒంటిపోగు పడుగునకు గంజి పెట్టనిదే పని సాగదు. పడుగుపోగు అచ్చు పండ్ల నడుమ వేలమార్లు ఒరసికొనును. గంజి లేని పోగు నూగు తేరి, బలము తగ్గి, తెగిపోవును. అందుచే బియ్యపు పిండినో, జొన్నపిండినో, గోధుమపిండినో నీటిలో కాచి జిగురుగా చేసి, పడుగును వీధిపొడవున చాచి, పెద్ద కుంచెతో పట్టించుచుండిరి. పని తెల్లవారుజామున మొదలగును. ఎండ ముదిరినచో గంజి తొందరగా ఆరి పోగులు ఒకదానికొకటి అతుకుకొనును. అవి విడివిడిగా ఆరువఱకు కుంచె ఆగరాదు. పిదప కొంచెము నూనె పట్టింతురు. ఇంటిల్లిపాదియు వీధిలో నుండవలసిన పని యిది. దారిన పోవువారు పడుగును దాటక ప్రక్కగా తొలగి పోవుచుండిరి.

అసలు నేర్పు గంజి కాచుటలో నున్నది. పిండిని ముందుగా చన్నీటిలో కలుపుకొనక మరుగు నీటిలో పోసినచో ఉండలు కట్టును. ఆ యుండ ఒక్కటి పోగుపై నిలిచినచో అచ్చులో తట్టుకొని పోగును తెంపును. మంట యెక్కువైనచో అడుగంటును. తక్కువైనచో పిండి పచ్చిగా నుండి, ఆరిన వెనుక పొడియై రాలును. పిండిలోని సూక్ష్మరేణువులు వేడినీటిని పీల్చి ఉబ్బి, ఒకదానిలో నొకటి కలిసిపోయి జిగురగునని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఇది రమారమి అరువది, డెబ్బది డిగ్రీల వేడిమి యొద్ద జరుగును. మన అవ్వల చేతిలో ఉష్ణమాపకము లేదు. బొటనవ్రేలికిని చూపుడు వ్రేలికిని నడుమ చుక్క నద్ది, వ్రేళ్లను విడదీసి, ఎంత సాగునో చూచెడివారు. తీగ తెగినచో ఇంకను కాగవలెను. వ్రేలిని విడువకున్నచో నీరు పోయవలెను. ఈ పరీక్షను ప్రక్కన కూర్చున్న పిల్లలు చూచి, తామును ఒక చుక్క నద్దుకొని, వ్రేళ్లు అతికించుకొని విడదీసికొనుటయే వారికి మొదటి పాఠము. గంజి పాఠమును పుస్తకములో చదివి నేర్చిన నేతగాడు ఎవ్వడును లేడు.

మిల్లులలోను ఈ గంజియే పెద్దరూపమున కనబడును. ఇంగ్లండులోని లాంకషైరు మిల్లులలో పందొమ్మిదవ శతాబ్దమున గోధుమపిండికి పశువుల క్రొవ్వును, చీనామట్టిని, మెగ్నీషియము క్లోరైడును, జింకు క్లోరైడును చేర్చి గంజి చేయుచుండిరి. క్రొవ్వు మెత్తదనమునకు, మెగ్నీషియము లవణము గాలిలోని తడిని పీల్చి పోగును బిరుసెక్కనీయకుండుటకు, జింకు లవణము బూజు పట్టకుండుటకు, చీనామట్టి మాత్రము చాల చోట్ల బట్ట బరువును పెంచి కొనువానిని మోసగించుటకు. ఆ బట్టను ఒకసారి ఉతికినచో దాని ఘనత యంతయు తొట్టిలో మిగులుచుండెను. మట్టిని తీసివేసి, విషలవణములకు బదులు వంటయుప్పును, క్రొవ్వునకు బదులు వంటనూనెను వేసి, నీరు తగ్గించి చిక్కబరచినచో మిగులునది నేటి పిల్లల ముద్దయే. పిండి జిగురు నిచ్చును, నూనె మెత్తదనము నిచ్చును, ఉప్పు తడిని నిలిపి బూజును దూరముంచును. పడుగు గంజికిని ఆటముద్దకును ఉన్న భేదము పలుచన, చిక్కన అను రెండు మాటలలో నిమిడిపోవును.

ఆటముద్ద పుట్టుక గూడ ఆటకై కాదు. అమెరికాలోని సిన్సినాటి నగరమున కుటోల్ అను సబ్బుల కంపెనీ, గోడలకంటించిన చిత్రకాగితములపై బొగ్గుపొయ్యిల మసిని తుడుచుటకు ఒక పిండిముద్దను 1930ల నుండి చేసి యమ్ముచుండెను. కొంతకాలమునకు ఇండ్లలో బొగ్గు పోయి గ్యాసు వచ్చినది, కడుగదగిన గోడకాగితములు వచ్చినవి, ముద్దకు గిరాకి తగ్గినది. అపుడు ఆ కుటుంబమునకు బంధువైన కే జుఫాల్ అను శిశువిహారపు ఉపాధ్యాయిని, ఆ ముద్దను తన బడిపిల్లల కిచ్చి బొమ్మలు చేయించి చూచినది. బంకమట్టి పసిచేతులకు గట్టిగా నుండెడిది. ఇది వారి వ్రేళ్లకు లొంగినది. 1956లో అదే పదార్థము ‘ప్లే డో’ అను పేర ఆటవస్తువుగా బజారున వచ్చినది. తొలుత తెల్లని ముద్ద మాత్రమే. రంగులు తరువాత వచ్చినవి. గోడ తుడుచు ముద్ద పిల్లల చేతికి వచ్చిన ఈ వృత్తాంతమును చదివినపుడు, పడుగునకు పోగా కుండ అడుగున మిగిలిన గంజిముద్దను నలుపుకొను పిల్లవాడు మాకు గుర్తునకు వచ్చును. అక్కడ ఒక కంపెనీ యుండుటచే అది చరిత్ర కెక్కినది. ఇక్కడ కుండను కడిగి బోర్లించిరి.

దూరదేశపు మాట అటుండనిండు. మన పూర్వుల నేలలోనే పిండిజిగురునకు కళాస్థానము కలదు. పూర్వము వరంగల్లు జిల్లాలో నుండి నేడు సిద్దిపేట జిల్లాలో చేరిన చేర్యాలలో నకాషీలు అను చిత్రకారులు కథాపటములు వ్రాయుదురు. బట్టకు గంజిని, సుద్దమట్టిని, చింతగింజల జిగురును పట్టించి, ఆరబెట్టి, నునుపు చేసి, దానిపై రంగులు వేయుదురు. పద్మశాలీలకు మార్కండేయుని కథను, భావనాఋషి కథను చెప్పు కూనపులివారు ఇట్టి పటమును వ్రేలాడదీసి, బొమ్మ వెంబడి బొమ్మను చూపుచు రాత్రులు కథ నడుపుచుండిరి. మన కులకథకు ఆధారమైన బట్టయు గంజి పట్టినదే, ఆ బట్టపై రంగు నిలుపునదియు గంజియే! అదే చేర్యాలలో చింతగింజల పిండిని రంపపు పొట్టుతో కలిపి ముద్ద చేసి ముసుగులను, బొమ్మలను తీర్చుదురు. కృష్ణాతీరమున కొండపల్లి బొమ్మల తయారీలో తెల్ల పొణికి కఱ్ఱతో చెక్కిన చేతులను, కాళ్లను, తలలను మొండెమునకు అతుకు ముద్దకు ‘మక్కు’ అని పేరు. అదియు చింతగింజల పిండి, రంపపు పొట్టులే. ఇంటింట మురిపెముగా పెట్టుకొను దశావతారముల బొమ్మ, అంబారీ యేనుగు బొమ్మ, ఈ ముద్ద లేనిచో చేయి యొక చోట, తొండ మొక చోట పడియుండును.

చింతగింజను గూర్చి మఱి కొంత చెప్పవలెను, ఏలయన పెద్దల యాక్షేపమునకు అదియే మేలైన జవాబు. “అన్నము పరబ్రహ్మస్వరూపము, పిండిని ఆటకు పాడుచేయరాదు” అను మాట వట్టి ఛాందసము గాదు. క్షామమును కన్నులార చూచి వలస వచ్చినవారి మాట యది. ఒక మానెడు పిండిని పోగునకు పోయుదుమా, పిల్లల నోటికి పెట్టుదుమా అని గృహిణి తలపోసిన దినములు నేతయిండ్లలో లేకపోలేదు. పోగునకు పెట్టనిచో బట్ట లేదు, బట్ట లేనిచో రేపటికి పిండియే లేదు. రెండవ ప్రపంచయుద్ధ కాలమున ధాన్యమునకు కరవు వచ్చినపుడు, మిల్లులు గంజికి వాడు పిండి ఎందరి యాకలి తీర్చునో గదా యను విచారము అంతటను కలిగినది. ఆ 1940ల తొలి యేండ్లలోనే మన దేశపు శాస్త్రజ్ఞులు చింతగింజల పప్పుపొడి గంజికి చక్కగా పనికివచ్చునని నిరూపించిరి. పులుసు పిండి పారవేసిన గింజ మిల్లులకు సరుకైనది. చేర్యాల నకాషీలకు ఇది క్రొత్తవార్త గాదు. తినుబండమును ఆటకు వాడుటకు మనసొప్పని యింటివారు నేటికిని ఈ త్రోవను పట్టవచ్చును: గింజలను వేయించి, పైపొట్టును తీసి, నానబెట్టి రుబ్బి, ఉడికించినచో వచ్చు ముద్ద గోధుమపిండి ముద్ద కంటె జిగురుగలది. శ్రమ మాత్రము మిక్కుటము. పురుగు పట్టిన పిండి, నిలువయుండి వంటకు రాని పిండి ఇంట నున్నను ఆటముద్దకు చాలును. జల్లించి కాచినచో దోషము లేదు.

మట్టి మాట ఎత్తక ఈ చరిత్ర పూర్తికాదు. సోలాపురము మూడు భాషలు కలియు చోటు. మూడింటి మట్టిపండుగలును మన పిల్లల కందినవి. తెలంగాణమున భాద్రపదమాసమున ఆడపిల్లలు పుట్టమన్ను తెచ్చి మెట్లు మెట్లుగా గద్దె కట్టి, పువ్వులతో అలంకరించి ‘బొడ్డెమ్మ’ యని ఆడుదురు. తరువాత వచ్చు బతుకమ్మకు అది తొలిమెట్టు. కన్నడిగులు జ్యేష్ఠమాసపు అమావాస్య నాడు మట్టి యెడ్లను చేసి పూజింతురు. మహారాష్ట్రులు పోళా పండుగనాడు ఎడ్లను కొలుతురు. ఎడ్లు లేనివారు మట్టియెడ్లను పెట్టుకొందురు. దీపావళికి వాకిట మట్టితోను రాళ్లతోను కోటను కట్టి, దానిపై శివాజీ మహారాజును నిలుపు మరాఠీ పిల్లల యాట మన పిల్లలకు ఎంత ప్రియమైనదో చెప్పనక్కఱలేదు. ఆషాఢపు అమావాస్య నాడు వారు పిండితో ప్రమిదలను చేసి వెలిగింతురు. మన వారు చలిమిడితో దీపములు చేసి వేంకటేశ్వరునకు వెలిగింతురు. ఈ ఋతుచక్రమున పసిచేయి సంవత్సరమున నాలుగైదు మార్లైనను ముద్దను పట్టక తప్పెడిది గాదు. పేటలలో వాకిళ్లు ఇరుకై, వీధులు సిమెంటై, మట్టి దొరకుటయే అరుదైన కాలమున పిండిముద్ద ఆ స్థానమును కొంత పూరించుచున్నది.

మట్టిబొమ్మ పేదది, కొన్నబొమ్మ గొప్పది యను భావము నేటిది గాదు. శూద్రకుని ‘మృచ్ఛకటికము’నకు ఆ పేరు వచ్చినదే చారుదత్తుని కొడుకు తన మట్టిబండిని వలదని, పొరుగువాని బంగారుబండి కావలెనని యేడ్చుటచే గదా! వసంతసేన తన నగలను ఆ మట్టిబండిలో నింపినది. కథ యంతయు ఆ నగల వలననే చిక్కు పడినది. డబ్బాలోని ముద్దకై మారాము చేయు బిడ్డను చూచి విసుగుకొను తల్లులు ఈ నాటకమును తలచుకొని కొంత యూరట చెందవచ్చును.

విద్యావేత్తలు ముద్దను బడిలోనికి తెచ్చిన వృత్తాంతమును క్లుప్తముగా చెప్పుదుము. జర్మనీలో ఫ్రోబెల్ 1837లో శిశువులకై ప్రారంభించిన పాఠశాలలో చేతిపనుల నడుమ బంకమట్టికి చోటిచ్చెను. ఇంగ్లండులోని బాత్ నగరమున విలియం హార్బట్ అను చిత్రకళోపాధ్యాయుడు 1897లో ఎండిపోని మట్టిని, ప్లాస్టిసీన్‌ను, తన విద్యార్థులకై చేసెను. మన దేశమున గిజుభాయి బధేకా 1920లో భావనగరమున బాలమందిరమును స్థాపించెను. ఆయనతో పనిచేసిన తారాబాయి మోడక్ పేరు మహారాష్ట్రమున నివసించు మనము ప్రత్యేకముగా తలచుకొనదగినది. ఆమె 1945లో సముద్రతీరమున బోర్డీ గ్రామములో బీదపిల్లలకై పని ప్రారంభించినది. విలువైన మాంటిసోరి పరికరములను అక్కడ ఎవరు కొనగలరు? గులకరాళ్లు, గవ్వలు, ఆకులు, మట్టి, ఇవియే ఆమె పరికరములు. పిల్లలు బడికి రానిచో బడియే వారి ముంగిలికి పోవలెనని ఆమెయు, అనుతాయి వాఘ్‌యు అంగణవాడిని నడిపిరి. 1975లో ప్రభుత్వము శిశుసంక్షేమ పథకమును ప్రారంభించినపుడు దేశమంతటను నిలిచిన పేరు అదే. చేతికందు వస్తువుతో నేర్పుట బీదతనమునకు గుర్తు గాదనియు, అదియే మంచి పద్ధతి యనియు ఆమె పని నిరూపించినది.

ఇచ్చట ఒక హెచ్చరిక యవసరము. గంజికుండ ప్రక్క కూర్చున్న పిల్లవానిని గూర్చి మేము ముచ్చటగా వ్రాసితిమి. కాని ఆ పిల్లవాడు ఆడుకొనుటకే అక్కడ కూర్చుండలేదు. కండెలు చుట్టుట, తెగిన పోగు నతుకుట, కుంచె నందించుట, ఇవి యన్నియు పిల్లలచే చేయించిన పనులు. మన యిండ్ల స్త్రీలు బీడీలు చుట్టి సంసారములను నిలిపిరి. వారి ప్రక్కన ఆకులు కత్తిరించినవి, దారము చుట్టినవి చిన్నచేతులే. 1986 నాటి బాలకార్మిక చట్టము బీడీల తయారీని, బట్టల నేతను, అద్దకమును పిల్లలకు కూడని పనుల జాబితాలో చేర్చినది. ఆ జాబితాను చదివినచో మన పేటల బాల్యము కండ్లకు కట్టును. చేతినేర్పు పోయినదే యని విచారించువారు ఆ నేర్పునకు పిల్లలు బడిమాని చెల్లించిన వెలను గూడ లెక్కవేయవలెను. ఆ కాలము మరల రావలెనని మేము కోరము. కోరునది ఒక్కటే: కూలి పోయినది, మేలే, దానితో పాటు చేతిలోని తెలివియు, నోటిలోని మాటయు పోనక్కఱలేదు.

మాటయే మా యసలు చింత. మరమగ్గములు వచ్చినవి, చద్దర్లకు, తువాళ్లకు వాడు రెండుపోగుల పురినూలునకు గంజి యవసరమే తక్కువ, కావలసిన నూలునకు యంత్రములే పెట్టుచున్నవి. వీధిలో పడుగు చాచు దృశ్యము కనుమరుగైనది. దానితో ఆ పని మాటలును వెడలినవి. మన పిల్లలు మరాఠీ బడికో ఇంగ్లీషు బడికో పోవుదురు. అందు తప్పు లేదు. ఈ నేల మనకు కూడు పెట్టినది, దీని భాష మనకు పిన్నతల్లి వంటిది. అయినను ఇంటి తెలుగు సన్నగిల్లు తీరు నొకదానిని మేము గమనించుచున్నాము. వస్తువుల పేర్లు నిలుచును, చేతల పేర్లు ముందుగా జారిపోవును. ‘పిండి’ యను మాట ఎనిమిదేండ్ల బిడ్డకు తెలియును. పిసుకుట, మెదుపుట, నలుచుట, అదుముట, ఒత్తుట, తట్టుట, గిల్లుట, పులుముట, సాగదీయుట అని మనకున్న యిన్ని మాటలకును ఆ బిడ్డ “చెయ్యుట” యను ఒక్కమాటతో సరిపుచ్చుకొనును. లేదా మరాఠీ క్రియకు తెలుగు తోక తగిలించును. గంజిని ‘ఖళ’ యనును, నాడెను ‘ధోటా’ యనును. ‘ఖళ’ మంచి మాటయే. అది గంజి ప్రక్కన కూర్చుండవలెను గాని గంజి పీటపై కూర్చుండరాదు.

వ్యాకరణ తరగతి పెట్టి ఈ మాటలను నేర్పలేము. మెదుపుటకును పిసుకుటకును గల భేదమును వాక్యములో చెప్పబోయినచో పండితుడు గూడ తడబడును. ముద్దను చేతిలో పెట్టి, “అట్లు పిసుకకు, మెల్లగా మెదుపు” అన్నచో అయిదేండ్ల పిల్ల ఆ క్షణముననే గ్రహించును. జారు, పలుచన, చిక్కన, గట్టి, బిరుసు, జిగట, ఈ గుణములన్నియు ఒక్క పూటలో, ఒక్క గిన్నెలో, వరుసగా చేతికి తగులును. ఇంత చవుకగా ఇన్ని మాటలను నేర్పు బడి మఱొకటి లేదు. బీడీపనినుండియో, కంపెనీ పనినుండియో అలసి వచ్చిన తల్లికి తీరిక లేకపోవచ్చును. ఇంట అవ్వ యున్నచో ఈ పని ఆమెది. ఆమెకు రాని పాఠమును బడి నేర్పును, బడికి రాని పాఠమును ఆమె నేర్పును.

ఇక చేయు విధము. రెండు గ్లాసుల మైదా, ఒక గ్లాసు మెత్తని ఉప్పు, రెండు గ్లాసుల నీరు, రెండు పెద్ద చెంచాల నూనె, రెండు పెద్ద చెంచాల నిమ్మరసము చాలును. పుస్తకములలో కనబడు టార్టారు పొడికి మారుగా నిమ్మరసము పనిచేయును. చింతపండునందును అదే జాతి పులుపు కలదు గాని ముద్దకు రంగు తెచ్చును. అన్నింటిని చన్నీటిలోనే, పొయ్యి వెలిగింపకముందే, ఉండ లేకుండ కలుపవలెను. గంజికి చెప్పిన నియమమే యిది. ఆ కలుపుట పిల్లల పని. పొయ్యి యొద్ద పని పెద్దలది. సన్ననిసెగపై గరిటె ఆపక త్రిప్పుచుండగా మొదట జారుగా నుండును, పిదప అంచుల యొద్ద ముద్దకట్టును, చివరకు గిన్నెను విడిచి గరిటెను పట్టుకొనును. అపుడు దించి, పీటపై వేసి, వెచ్చదనము చేతికి తాళునంతగా తగ్గిన పిదప పిల్లల కిచ్చి మెదిపింపవలెను. చేతికంటినచో చిటికెడు పిండిని, పగిలినచో చుక్క నూనెను వేయమని చెప్పక, “ఏమి కావలెనో నీవే చెప్పు” అని అడుగుట మేలు. పచ్చిపిండి కంటె ఉడికించిన పిండి ముద్ద పిల్లలకు క్షేమము. అయినను ఇందులోని ఉప్పు పసిపిల్లల కడుపునకు హాని చేయునంతటిది. నోటిలో పెట్టుకొను వయసువారికి దీని నీయరాదు, ఇంట కుక్క యున్నచో దానికందనీయరాదు.

జొన్నపిండితో చేసి చూచుటయు మంచి వినోదము. మోహోళు పరిశోధన క్షేత్రమున ఎంపికైన మాల్దండి జొన్న ఈ జిల్లాకు పేరు తెచ్చినది. దాని రొట్టె మన యిండ్లన్నింట కలదు. గోధుమలోని సాగు గుణము జొన్నలో లేదు. అందుచేతనే గోధుమరొట్టెను కఱ్ఱతో ఒత్తుదురు, జొన్నరొట్టెను చేతితో తట్టుదురు, పిండిని వేడినీటితో కలుపుదురు. జొన్నముద్దతో పాము చేయబోయిన పిల్లవాని పాము ముక్కలగును. గిన్నెయో, ప్రమిదయో మాత్రము చక్కగా నిలుచును. ఒత్తుటకును తట్టుటకును భేదము అపుడు చెప్పవలెను.

రంగులకు పసుపు, బీటుదుంప రసము, పాలకూర రసము చాలును. నిమ్మరసము వేయని పసుపుముద్దలో చిటికెడు వంటసోడాను కలిపినచో పిల్లల కన్నులయెదుటనే పసుపుదనము ఎఱ్ఱదనమునకు తిరుగును. పసుపునకు సున్నము తగిలించి పారాణి చేయు మన పాతవిద్య యదియే. సున్నము కన్నులకు, చర్మమునకు ప్రమాదము గనుక సోడాతోనే తృప్తిపడుట మేలు. సోడాకు పిమ్మట నిమ్మచుక్క వేసినచో నురగతో మరల పసుపు వచ్చును. దీనిని పదిమార్లు చేయించుకొనని బిడ్డను మేము చూడలేదు.

ఏమి చేయవలెనను ప్రశ్న రాదు. ఏనుగు, పాము, లడ్డూలు, బస్సు వచ్చిన తరువాత, ఒక కండెను, ఒక నాడెను చేసి చూపుడు. నాడె నడుమ బోలుగా నుండవలెను, కొనలు మొనదేలవలెను, లోన కండె యిమిడి తిరుగవలెను. పిల్లవాని నేర్పునకు ఇది సరియైన పరీక్ష. తాత యున్నచో అచ్చట లోపము పట్టక మానడు. ఆట ముగిసినపుడు ముద్దను తడిగుడ్డలో చుట్టి మూతగల డబ్బాలో నుంచినచో రెండు మూడు వారములు నిలుచును. బిరుసెక్కినచో గోరువెచ్చని నీటిలో చేయి తడిపి మెదిపిన చాలును. వర్షాకాలమున తొందరగా చెడును. పులిసిన వాసన తగిలిన నాడు పారవేసి, పొయ్యి వెలిగించి, క్రొత్తది కాచుకొనవలెను.